సిమెంటు గడియారం

ఆలంగుళం ప్రాంతంలో సున్నపురాతికి కొదవ లేదు. ఆ రాయినే నమ్ముకొని 1970లో యిక్కడ ప్రభుత్వ సిమెంటు కర్మాగారం వెలిసింది. 1976లో ఏర్పడిన తమిళనాడు సిమెంట్స్ కార్పొరేషన్ చేతికి తరువాత అది వచ్చింది. అంతకు ముందే, 1957లో, రాజపాళయం వారైన పి.ఎ.సి. రామస్వామి రాజాగారు మద్రాస్ సిమెంట్స్ సంస్థను స్థాపించారు. వారి మొదటి కర్మాగారం విరుదునగరం దగ్గర తులుక్కపట్టిలో వచ్చింది. ఇంత సిమెంటు మన ముంగిట్లోనే తయారైనా, బస్తా విప్పి నీళ్లు పోసిన తరువాత లోపల ఏమి జరుగుతుందో, ఎంత వేగంగా జరుగుతుందో ఆలోచించేవారు తక్కువ. ఇల్లు కట్టుకొనేవారికి మాత్రం ఆ సంగతి ఎంతో అవసరం.

మన తాతల నాటి గోడలు సున్నంతో కట్టినవి. ఎద్దుల గానుగలో సున్నం నూరి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకొని తిరిగి రాయి అవుతుంది. మందపాటి గోడ నడిమికి ఆ మార్పు చేరడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. సిమెంటుకు గాలితో పని లేదు, దానికి కావలసింది నీరు. అందుకే కొన్ని గంటలలో గట్టిపడుతుంది. రెండూ రసాయన చర్యలే, తేడా అంతా వేగంలోనే వున్నది. బెల్లం మాట వచ్చింది గనుక చెబుతున్నాను: పాత సున్నానికి పనికివచ్చిన ఆ తీపి సిమెంటుకు పడదు. కొద్దిపాటి చక్కెర కలిసినా సిమెంటు గంటల తరబడి బిగుసుకోదు.

రసాయన చర్య వేగమంటే, యింత కాలంలో ఎంత పదార్థం మారిందన్న లెక్క. దీనిని మొదట చక్కగా కొలిచినవాడు విల్హెల్మీ అనే జర్మను శాస్త్రజ్ఞుడు. 1850లో ఆయన చెరకు చక్కెరను ఆమ్లం కలిపిన నీటిలో వుంచి, దాని గుండా పోయే కాంతి ఎంత తిరుగుతున్నదో చూసి, చక్కెర ఎంత మిగిలిందో లెక్కకట్టాడు. చర్యను ఆపకుండానే కొలవడం అందులోని గొప్పతనం. బూడిదరంగు సిమెంటు ముద్దలోకి కాంతి పోదు గదా! దానికి సూది వాడతారు.

ఆ సూది వికా అనే ఫ్రెంచి ఇంజనీరు పేరుతో ప్రసిద్ధమైంది. 40 మిల్లీమీటర్ల లోతు గల అచ్చులో సిమెంటు ముద్దను నింపి, చదరపు మిల్లీమీటరు మొన గల సూదిని దానిపైకి వదులుతారు. సూదీ, దానితో కదిలే కడ్డీ కలిపి 300 గ్రాములు. మొదట అది అడుగుదాకా దిగుతుంది. అడుగుకు 5 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయిననాడు సిమెంటు బిగియడం మొదలైనట్లు. సాధారణ పోర్ట్‌లాండు సిమెంటుకు యిది 30 నిమిషాల లోపల రాకూడదు, పూర్తిగా బిగియడం 600 నిమిషాలు దాటకూడదు. పరీక్షను 27 డిగ్రీల దగ్గర చేస్తారు, ఎందుకంటే వేడి పెరిగితే వేగమూ పెరుగుతుంది. మన చిత్తిరై ఎండలో మేస్త్రీకి అంత వ్యవధి వుండదు.

ఆ వ్యవధి అయినా జిప్సం చలవే. కొలిమిలో సుమారు 1450 డిగ్రీల వేడికి కాలిన గడ్డలను ఉత్తగా నూరి నీళ్లు పోస్తే, అందులోని అల్యూమినా పదార్థం క్షణాలలో బిగుసుకుంటుంది. నూరేటప్పుడు కొంచెం జిప్సం వేస్తే ఆ ఆత్రం అణుగుతుంది. నీళ్లు తగలగానే సిమెంటు కాస్త వేడెక్కి, తరువాత గంటా రెండు గంటలు నిద్రపోయినట్లుంటుంది. తట్టలతో మోసి, పోసి, చదును చేసుకొనేది ఆ నిద్రలోనే. అటుపిమ్మట మళ్లీ వేడి పుంజుకొంటుంది. ఆ వేడిని కొలిచి కూడా వేగాన్ని తెలుసుకొంటారు. బిగియడం మొదలైన మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపేవారున్నారు. అప్పుడే అల్లుకొంటున్న పోగులను తెంపడమే ఆ పని.

ఇక అసలు సంగతి. బిగిసింది కదా అని బలపడిందనుకోరాదు. బస్తా మీద 43 అని వుంటే, ఆ సిమెంటు దిమ్మ 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు కనీసం 43 న్యూటన్ల బరువు ఓర్చాలని అర్థం. మూడో రోజుకు 23, ఏడో రోజుకు 33 వుంటే చాలు. అంటే మొదటి మూడు రోజులలో సగానికి పైగా, మిగతాది నింపాదిగా. ఆ నింపాది పని జరగాలంటే లోపల తడి వుండాలి. ఆరిపోయిందా, చర్య అక్కడే నిలిచిపోతుంది.

మూడు రోజులు తడిపి చాలించే కంట్రాక్టర్లను ఎందరినో చూస్తూనే వున్నాము. భారత ప్రమాణాల ప్రకారం సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా వుంచాలి, మనవంటి ఎండ ప్రాంతంలో 10 రోజులు. బూడిద కలిసిన పోజొలానా సిమెంటు నెమ్మది గుణం కలది గనుక 14 రోజులదాకా పొడిగించమన్నారు. మన వైపు నీళ్లకు ఎంత కటకటో ఎరిగినదే. శ్లాబు మీద మడులు కట్టి నీరు నిలిపే స్తోమత లేనివారు గోనె పట్టాలు పరచి, వాటిని రోజూ మూడు నాలుగు సార్లు తడిపినా సరిపోతుంది. గోనె ఆరనీయకపోవడమే చూసుకోవాలి, ముఖ్యంగా మధ్యాహ్నం గాలి వీచే వేళ.