హెడ్డింగు పెద్దగా కనిపిస్తే సరిపోదు

చొప్పదండిలో విత్తనాల దుకాణానికో, ఫంక్షన్ హాలుకో వెబ్‌సైటు పెట్టాలంటే మొదటి నుంచీ కోడు రాయించేవాళ్లు తక్కువ. రెడీమేడ్ టెంప్లేట్ తీసుకుని పేరు, ఫొటోలు, ఫోన్ నంబరు మార్చుకుంటారు. ఊళ్లోని జవహర్ నవోదయ విద్యాలయం పేజీ కూడా నవోదయాల ఉమ్మడి నమూనాలోనే ఉంటుంది. కరీంనగర్ జిల్లా వెబ్‌సైటు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఎస్‌3వాస్ అనే వేదిక మీద నడుస్తుంది. టెంప్లేట్‌లో హెడ్డింగు ఒక్కచోట తప్పితే ఆ తప్పు ప్రతి పేజీకీ పాకుతుంది. సరిచేసినా అంతే, అన్నీ ఒక్కసారే బాగుపడతాయి.

అపోహ: పేజీలో ప్రధాన హెడ్డింగుకు వాడే ట్యాగు హెచ్1 (h1) ఒక్కటే ఉండాలి, రెండుంటే గూగుల్ వెనక్కి నెట్టేస్తుంది.

వాస్తవం: అలాంటి శిక్షేమీ లేదు. ఎన్ని హెచ్1లున్నా ఇబ్బంది లేదని గూగుల్‌కు చెందిన జాన్ ముల్లర్ 2019లోనే చెప్పారు. హెడ్డింగుల వరుస తప్పినా ర్యాంకు పోదని గూగుల్ మార్గదర్శిలోనూ ఉంది. అసలు చిక్కు వేరే. చాలా టెంప్లేట్లలో దుకాణం పేరే ప్రతి పేజీకీ హెచ్1. విత్తనాల పేజీకీ అదే, పురుగుమందుల పేజీకీ అదే, చిరునామా పేజీకీ అదే. ఇక ఏ పేజీ దేని గురించో చెప్పేదెవరు? బ్లాగర్ పాత టెంప్లేట్లలోనైతే తేదీకి హెచ్2 ఇచ్చి, రచన పేరుకు హెచ్3 ఇచ్చారు. పేజీ టైటిల్ ఖాళీగానో అన్ని పేజీలకూ ఒకేలానో ఉంటే, 2021 ఆగస్టు నుంచి గూగుల్ ఫలితాల్లో చూపే పేరు కోసం హెడ్డింగు వైపూ చూస్తోంది. కాబట్టి దుకాణం పేరు హోంపేజీకి హెచ్1గా ఉండనివ్వండి. లోపలి పేజీల్లో 'చొప్పదండిలో వరి, మొక్కజొన్న విత్తనాలు' అన్నట్టు విషయమే రావాలి. 'మా సేవలు' అని పెడితే వెతికేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

అపోహ: అక్షరాలు పెద్దగా, బోల్డుగా ఉంటే అదే హెడ్డింగు.

వాస్తవం: గూగుల్ పెద్ద అక్షరాలను కొంతవరకు గమనిస్తుంది. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు మాత్రం ట్యాగే ఆధారం. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో హెచ్ మీట నొక్కితే తర్వాతి హెడ్డింగుకు వెళ్తుంది. ట్యాగు లేకపోతే ఇలా హెడ్డింగు నుంచి హెడ్డింగుకు వెళ్లే వీలుండదు. నా దృష్టిలో ర్యాంకు కంటే ఇదే పెద్ద కారణం. అక్షరాల సైజు సీఎస్‌ఎస్‌లో మార్చుకోవాలి, దానికోసం హెచ్4 వాడకూడదు.

అపోహ: తెలుగు హెడ్డింగును బొమ్మగా పెడితేనే అందం.

వాస్తవం: మన సైట్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. డీటీపీలో అను ఫాంటుతో కొట్టించి, ఫొటోషాప్‌లో రంగులద్ది పెడతారు. చూపులకు బాగుంటుంది గానీ అందులో వెతకడానికి అక్షరమంటూ ఉండదు. హెడ్డింగును మౌసుతో సెలెక్ట్ చేసి, కాపీ చేసి, గూగుల్‌లో పేస్టు చేయండి. తెలుగు వస్తే అది యూనికోడ్, బెంగ లేదు. సెలెక్టే కాకపోతే బొమ్మ. పొంతనలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అను లాంటి పాత ఫాంటు. బొమ్మ తప్పదనుకుంటే దానికి జోడించే ఆల్ట్ టెక్స్ట్‌లో అదే తెలుగు రాయాలి.

అపోహ: ఊళ్ల పేర్లన్నీ హెడ్డింగులో పెడితే పైకొస్తాం.

వాస్తవం: చొప్పదండి, గంగాధర, రామడుగు, బోయినపల్లి అంటూ ర్యాంకు కోసం పేర్లు గుప్పించడాన్ని గూగుల్ స్పామ్‌గానే లెక్కిస్తుంది.

కంప్యూటర్‌లో పేజీ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కితే కోడు కనిపిస్తుంది. అందులో హెచ్1 ఎక్కడుందో వెతికి, దాని మధ్య ఏం రాసుందో చూడండి. తప్పుంటే టెంప్లేట్ ఫైలులోనే మార్చమని సైటు చేసినవాళ్లను అడగండి. పేజీకింత అని డబ్బు కట్టాల్సిన పని కాదది.