గెలాక్సీల వర్ణపటములు: హైదరాబాదు వారసత్వము

ఆకాశశాస్త్రమనగా ఎచ్చటనో దూరదేశముల గిరిశిఖరములపై సాగు విద్యయని మొయినాబాదు మండలమందలి హిమాయత్‌నగర్ వంటి గ్రామపు విద్యార్థికి తోచవచ్చును. కాని ఆ విద్యార్థి నివసించు రంగారెడ్డి జిల్లాలోనే, నగరమునకు ఆగ్నేయముగా, జపాల్, రంగాపూర్ గ్రామముల చెంత, 48 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని ఉస్మానియా విశ్వవిద్యాలయము 1968లో నెలకొల్పినది; 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులచ్చట పరిశీలించిరి. నేడు లక్షలకొలది గెలాక్సీల కాంతిని విశ్లేషించుచున్న మహోద్యమములు మన నేలకు పరాయివి కావు.

ఆకాశమును క్రమము తప్పక, భాగము విడువక పరిశీలించు పద్ధతి హైదరాబాదునకు చిరపరిచితము. నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, 1887లో పారిస్ నగరమున సంకల్పితమైన అంతర్జాతీయ నక్షత్రపట్టికా నిర్మాణమున పాలుపంచుకొని, టి.పి. భాస్కరన్ మొదలగువారి దీర్ఘపరిశ్రమచే ఏడు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను ఛాయాచిత్రఫలకములపై కొలిచి ప్రకటించినది. అయితే ఆ పట్టిక నక్షత్రమెచ్చటనున్నదో తెలుపునేగాని, అది ఎట్టిదో తెలుపజాలదు.

ఆ రహస్యము కాంతిలోనే ఇమిడియున్నది. వర్ణపటదర్శినిచే కాంతిని రంగులుగా విడదీసినప్పుడు, ఆ పటమున సన్నని గీతలు గోచరించును. ఏ మూలకమునకు ఆ మూలకపు గీతలు నియతములు. ఒక గెలాక్సీ కాంతిలో అవి ఎరుపువైపునకు జరిగినయెడల, ఆ గెలాక్సీ మననుండి తొలగిపోవుచున్నదని గ్రహింపవచ్చును; ఆ జరుగుబాటు పరిమాణమునుబట్టి దూరమును గణింపవచ్చును. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన వైను బప్పు, ఓలిన్ విల్సన్‌తో కూడి 1957లో ప్రకటించిన సూత్రము సయితము ఇట్టిదే: కొన్ని తరగతుల నక్షత్రముల కాల్షియం గీతల వెడల్పునుబట్టి వాని నిజప్రకాశమును కనుగొనవచ్చును. ఊరి ఇండ్లను లెక్కించుటకును, ఇంటింటికిని పోయి వయస్సు, వృత్తి, రాకపోకలు విచారించుటకును ఎంత భేదమో, ఛాయాచిత్రమునకును వర్ణపటమునకును అంత భేదము.

పూర్వము ఒక్కొక్క గెలాక్సీకి విడివిడిగా దూరదర్శినిని గురిచేయవలసివచ్చెడిది. హార్వర్డు శాస్త్రజ్ఞులు అట్లు శ్రమించి కూర్చిన కొలతలనుండియే, 1989లో మార్గరెట్ గెలర్, జాన్ హుక్రా గెలాక్సీలు మహాప్రాకారమువలె బారులుతీరియున్న విధమును వెల్లడించిరి. తరువాత న్యూమెక్సికోలోని స్లోన్ సర్వేవారు, అల్యూమినియం పలకకు గెలాక్సీల స్థానముల ననుసరించి 640 రంధ్రములు తొలిచి, ఒక్కొక్కదానియందు గాజుపోగును చేతితో అమర్చి, ఒకేమారు 640 వర్ణపటములను గ్రహింపసాగిరి. అదియును చాలక, 2014 మొదలు 2020 వరకు ఆ సర్వేలోనే సాగిన మాంగా అను పరిశోధనలో 19 మొదలు 127 వరకు పోగులు గల కట్టలను ఒక్కొక్క గెలాక్సీపై నిలిపి, సుమారు 10,000 సమీప గెలాక్సీలలో నడిమి భాగమెట్లున్నదో, అంచులెట్లున్నవో, ఎచ్చట నక్షత్రములు పుట్టుచున్నవో, ఏ వైపు తిరుగుచున్నవో వేర్వేరుగా కొలిచిరి.

ఆ కొలతలలో ఒక విచిత్రము బయటపడినది. కొన్ని గెలాక్సీలలో నక్షత్రములొక దిశను, వాయువు వేరొక దిశను తిరుగుచున్నవి. అట్టి వాయువు వెలుపలినుండి వచ్చి చేరినదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. గెలాక్సీలు పరస్పర సంపర్కముచే రూపాంతరము చెందునను ఈ విషయమును గణితముచే శోధించిన తొలివారిలో ఉస్మానియా ఆచార్యుడు సాలే మహమ్మద్ అలాదీన్ ఒకరు. రెండు గెలాక్సీలు ఒకదానిగుండ ఒకటి దూసికొనిపోవునప్పుడు నక్షత్రములు ఢీకొనకున్నను, పరస్పరాకర్షణచే వాని గమనశక్తిలో కొంత అంతశ్శక్తిగా మారునని ఆయన 1965లో ప్రచురించిన పత్రమున గణించి చూపెను. మహాసర్వేలు లేని కాలమున, కాగితముపై సాగిన ఆ యోచన ఎంత దూరదృష్టి గలదో నేడు స్పష్టమగుచున్నది.

స్లోన్ సర్వే కొలతలు సర్వజనులకును ఉచితముగా లభించుచున్నవి; వానిని పరిశీలించుటకు స్వంత దూరదర్శిని అక్కరలేదు, గణకయంత్రమును శ్రద్ధయు చాలును. కావున మన జిల్లాల కళాశాలలందలి భౌతికశాస్త్రాధ్యాపకులు ఒక్కొక్క విద్యార్థిచేత ఒక్క గెలాక్సీ వర్ణపటమునైనను చదివించి, దాని దూరమును లెక్కకట్టించవలెనని నా మనవి. నిజామియా వేధశాలలో ఏడు లక్షల నక్షత్రములను ఓర్పుతో కొలిచినవారి వారసులకు ఈ పని భారము కానేరదు.