దాచుకోవద్దు, డాక్టరుకు చెప్పండి

2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావుగారు తనకు క్యాన్సర్ ఉందని విలేకరుల ముందు తానే చెప్పారు. మన ఇళ్లలో మాత్రం ఆ మాట ఇంకా గుసగుసే. కడుపు క్యాన్సర్‌కు కీమోథెరపీ జరిగేటప్పుడు దాపరికం ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ మందులకు తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే టైలెనాల్ వేసుకుని పడుకోకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించాక కొన్నాళ్లు చల్లనివి తగిలితే వేళ్లు, గొంతు జివ్వుమంటాయి. మన సన్నీవేల్ హోటళ్లలో అడక్కుండానే ఐసు నీళ్లు పెడతారు. పిల్లలూ, తాతయ్యకు గోరువెచ్చని నీళ్లు మీరే అడిగి తెప్పించండి! వాంతులు, విరేచనాలు, తిమ్మిర్లు వెంటనే చెబితే డాక్టర్లు మందు మార్చో, మోతాదు తగ్గించో వైద్యం సాగిస్తారు.

మరి నయమవుతుందా? ఆపరేషన్‌కు వీలైన దశలో దొరికితే ఆశ ఎక్కువ. 2019లో వెలువడిన జర్మనీ పరిశోధనలో, ఆపరేషన్‌కు ముందు 4, తర్వాత 4 విడతలు కొత్త కీమో తీసుకున్నవారిలో సగంమంది 50 నెలలు దాటి బతికారు. పాత మందులతో అది 35 నెలలే. ఇతర అవయవాలకు పాకిన జబ్బును కీమో సాధారణంగా పూర్తిగా నయం చేయలేదు. ఆయుష్షు పెంచుతుంది, బాధ తగ్గిస్తుంది. ఈ లెక్కలు నలుగురివీ కలిపి వేసినవి. మన మనిషి సంగతి డాక్టరునే సూటిగా అడగండి.