శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము: పుట్టుక, వ్యవస్థ

విశ్వవిద్యాలయమనగానే పలువురకు ఎత్తైన భవనములు, నల్లని అంగీలు ధరించిన పట్టభద్రులు మనసునకు తోచుట సహజము. కాని నల్లమాడనుండి కదిరికో, ధర్మవరమునకో పోయి డిగ్రీ చదువుకొను విద్యార్థికి విశ్వవిద్యాలయము కనబడునది మొదట ప్రశ్నపత్రముమీద, పిదప పట్టామీద. అచ్చట అనంతపురపు విశ్వవిద్యాలయము పేరు చేరుటకు ముందు అర్ధశతాబ్దికి మించిన నిరీక్షణ జరిగినది.

1857లో స్థాపింపబడిన మదరాసు విశ్వవిద్యాలయమే చిరకాలము దక్షిణదేశమున ఉన్నతవిద్యకు ఆధారము. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసినను, పరీక్షలును పట్టాలును మదరాసువే. 1928లో నంద్యాల సభయందు దత్తమండలములకు ‘రాయలసీమ’ యను పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు ఈ కళాశాలలోని అధ్యాపకులే.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడినపుడు దాని కేంద్రము అనంతపురమున నుండవలెనని సీమవాసులు కోరిరి. ఆ కోరిక ఫలింపలేదు. కేంద్రము తొలుత బెజవాడలోను, పిదప వాల్తేరులోను నెలకొనెను. సీమ కళాశాలలు మరల మదరాసు విశ్వవిద్యాలయమునే ఆశ్రయించెను. ఈ అసంతృప్తి 1937 నవంబరు 16న మదరాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో వ్యక్తమైనది. వాల్తేరులో నొకటి, అనంతపురములో నొకటిగా రెండు విద్యాకేంద్రము లుండవలెనని అందు అంగీకరించిరి. నీటి వాటాతోపాటు చదువు వాటాయు ఆనాటి పెద్దలు పత్రమునకెక్కించిరన్నమాట.

1954లో సీమకు విశ్వవిద్యాలయము వచ్చినది గాని, అది తిరుపతిలో నెలకొన్నది. ఆ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమే 1968లో అనంతపురమున స్నాతకోత్తర కేంద్రమును తెరచెను. 1976లో ఆ కేంద్రము స్వయంప్రతిపత్తిని పొందెను. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. ఒడంబడిక నాటినుండి లెక్కించిన నలుబదినాలుగేండ్లు! పెనుకొండ దుర్గమును ఎరిగిన మనకు రాయలవారి పేరు వేరుగా పరిచయము చేయనక్కరలేదు.

ఇంక వ్యవస్థ మాట. రాష్ట్ర గవర్నరు దీనికి కులపతి. ముగ్గురు విద్వాంసుల పేర్లు గల జాబితానుండి ఉపకులపతిని నియమింతురు. ఆయన పదవీకాలము మూడేండ్లు. పరిపాలనకు పాలకమండలియు, విద్యావిషయములకు విద్యామండలియు కలవు. ఒక్కొక్క శాస్త్రమునకు ఏ పాఠ్యభాగము లుండవలెనో పరిశీలించునది ఆయా పాఠ్యనిర్ణయ సంఘము. కార్యాలయ వ్యవహారములు రిజిస్ట్రారు చూచును. పరీక్షలకు ప్రత్యేక విభాగము కలదు.

మొదట ఈ సంస్థ తన ప్రాంగణములోని స్నాతకోత్తర విద్యకును, పరిశోధనకును మాత్రమే పరిమితమై యుండెను. ఆ దశాబ్ది ముగియకముందే అనంతపురము, కర్నూలు జిల్లాల డిగ్రీ కళాశాలలు దీనికి అనుబంధములైనవి. 2008లో కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయము వెలసినందున ఆ జిల్లా వేరుపడినది. ఈ ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలు చాలవరకు అనంతపురమందలి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందినవి. ఈ రెంటిని ఒకటిగా భావింపరాదు.

అనుబంధమనగా కేవలము పేరు పంచుకొనుట కాదు. కళాశాలలో తగిన అధ్యాపకులు, ప్రయోగశాల, గ్రంథాలయము ఉన్నవో లేవో విచారించి అనుమతి నిచ్చుట విశ్వవిద్యాలయపు విధి. పాఠములు చెప్పునది కళాశాల. పాఠ్యప్రణాళికను ఆమోదించునది, పట్టా నిచ్చునది విశ్వవిద్యాలయము. కనుక ఫలితములు ఆలస్యమైనను, ప్రయోగశాల తాళము తీయకున్నను, ఎవరి నడుగవలెనో విద్యార్థియు, తలిదండ్రులును తెలిసికొని యుండవలెను.

బుక్కపట్నము చెరువును చూచినవారికి ఈ మాట సులభముగా బోధపడును. కట్ట ఎంత గట్టిదైనను, తూము పూడిపోయినచో చివరి మడికి నీరందదు. అనంతపురములోని ప్రాంగణము చెరువైనచో, కదిరి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలోని కళాశాలలు దాని కాలువలు. చెరువు త్రవ్వించుటకు పెద్దలు నలుబదినాలుగేండ్లు వేచియుండిరి. కాలువలు పూడకుండ చూచుకొను భారము మనది.