రెండు కన్నులు - ఒక చూపు

హైదరాబాదులోని మూసారాంబాగునకు ఆ పేరు, నిజాము కొలువులో సేనానిగా నుండి 1798లో మరణించిన ఫ్రెంచి వీరుడు రేమండువలన వచ్చినదని చెప్పుదురు. సమీపమున, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధియు, ఎత్తయిన స్తంభమును కలవు.

ఆ స్తంభమునకు ఎదురుగా దూరమున నిలిచి, ఒక కన్ను మూసి, చేయి చాచి, బొటనవ్రేలితో దానిని మరుగుపరచుడు. పిదప ఆ కన్ను తెరచి రెండవది మూసినచో, వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును. మన కన్నులు సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడముగా నుండుటయే దీనికి కారణము. రెండును చూపునవి వేర్వేరు చిత్రములు. ఈ స్వల్పభేదమునుండియే మెదడు లోతును గ్రహించుచున్నదని 1838లో ఇంగ్లండులో చార్లెసు వీట్‌స్టన్ నిరూపించెను. సూదిలో దారమెక్కించు తల్లికిని, బంతి పట్టుకొను బాలునికిని ఈ శక్తియే తోడు.

అయితే ఇది పుట్టుకతో పూర్తిగా వచ్చునది కాదు. శిశువునకు మూడు నుండి అయిదు నెలల వయస్సున పొడసూపి, తరువాత కొన్ని సంవత్సరముల అభ్యాసముచే బలపడును. బిడ్డ అక్షరములు నేర్చినట్లే మెదడు చూచుటను నేర్చుకొనుచున్నది. రెండు కన్నులును ఒకే వస్తువుపై నిలిచినగాని ఆ చదువు సాగదు.

అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు 1963లో ప్రకటించిన పరిశోధన దీనికి సాక్ష్యము. వారు పసి పిల్లికూనల ఒక కంటిని రెండు మూడు నెలలు మూసియుంచి తెరచిరి. మెదడులోని దృష్టికణములు ఆ కంటికి స్పందించుట దాదాపుగా మానినవి. ఎదిగిన పిల్లికి ఇట్టి నష్టము కలుగలేదు. 1965లో కూనలకు కృత్రిమముగా మెల్ల కలిగింపగా, రెండు కన్నులకును కలిపి స్పందించు కణములు మిక్కిలి తగ్గిపోయినవి. దృష్టివిషయమున చేసిన కృషికి వీరికి 1981లో నోబెల్ బహుమానము లభించినది.

మెల్లకన్ను అదృష్టమని మనలో ఒక నమ్మిక కలదు. ఆ నమ్మికతో ఊరకున్నచో బిడ్డకే నష్టము. మెల్లకంటి చిత్రము రెండవదానితో పొసగదు గనుక మెదడు దానిని త్రోసిపుచ్చును. క్రమముగా ఆ కంటి చూపు మందగించును. ఒక కంట శుక్లమున్నను, కన్నులకు వలయు అద్దములలో హెచ్చు భేదమున్నను ఇట్లే జరుగవచ్చును. బిడ్డ మంచి కంటితో హాయిగా ఆడుకొనుచుండుటచే ఎవ్వరికిని అనుమానము కలుగదు.

మొదటి కొన్ని నెలలలో శిశువు కన్నులు అప్పుడప్పుడు ప్రక్కకు పోవుట సహజమే. నాలుగు నెలలు దాటినను మెల్ల నిలిచినచో, లేక కంటిపాపలో తెల్లదనము ఎప్పుడు కనిపించినను, వెంటనే వైద్యునికి చూపవలెను. అవసరమునుబట్టి అద్దములిత్తురు, శస్త్రచికిత్స చేయుదురు, లేదా మంచి కంటిని దినమునకు కొన్ని గంటలు కప్పి మందకంటిచే పని చేయింతురు. వైద్యుని సలహా లేక కన్ను కప్పరాదు. ఏడేండ్లలోపున ఫలితము హెచ్చు. పెద్దపిల్లలకును కొంత మేలు కలుగవచ్చును. మన నగరమున మెహదీపట్నములోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రియు, బంజారాహిల్స్‌లోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయు ఇందుకు ఉన్నవి.

బిడ్డ ఆడుకొనుచుండగా ఒక్కొక్క కన్నును అరచేతితో మరుగుపరచి చూడుడు. ఒక ప్రక్క మూసినపుడు మాత్రమే బిడ్డ చికాకుపడి మీ చేయి త్రోసివేసినచో, రెండవ కంటి చూపు తక్కువయై యుండవచ్చును. అది అల్లరియని నవ్వి ఊరకుండక, ఆ వారమే ఆసుపత్రికి తీసికొనిపొండు.