పరదేశమున విద్యార్థి దీపము

కుమారుని చదువునకై దూరదేశమునకు పంపిన తల్లికి పండుగనాడు కలుగు వెలితి యే జాతియందైనను ఒక్కటియే. యూదుల ధర్మశాస్త్రము ఈ వెలితినిగూర్చి ప్రత్యేకముగా విచారించి, ఇల్లు విడిచిన విద్యార్థి పండుగ దీపమునకు ఏమి చేయవలయునో నిర్ణయించినది. ఆ నిర్ణయమునందు గృహిణికి గల స్థానము మనము తెలిసికొనదగినది.

యూదుల శాస్త్రపాఠశాలకు యెషీవా యని పేరు. అందు తాల్ముదను ధర్మగ్రంథమును యువకులు ఏండ్లతరబడి పఠింతురు. పేరుగాంచిన గురువును వెదకికొనుచు దేశములు దాటిపోవుట వారిలో పూర్వాచారము. నేడును అమెరికా మున్నగు దేశములనుండి అనేకులు యెరూషలేమునకు పోయి చదువుచున్నారు. శీతకాలమున హనుక్కా పండుగ వచ్చునప్పటికి పెక్కు పాఠశాలలలో పాఠములు సాగుచునే యుండును. కావున విద్యార్థి ఉన్నచోటనే పండుగ జరుపుకొనవలయును.

క్రీ. పూ. 164లో యూదా మక్కాబీ యను వీరుడు, గ్రీకు వంశపు రాజగు నాలుగవ అంతియోకసు అపవిత్రము చేయించిన యెరూషలేము దేవాలయమును శుద్ధిచేసి మరల ప్రతిష్ఠించెను. అప్పుడు ముద్ర చెడని నూనెకుప్పె యొక్కటియే దొరకెననియు, ఒకదినమునకు మాత్రమే చాలు ఆ నూనె ఎనిమిది దినములు వెలిగెననియు తాల్ముదు చెప్పుచున్నది. అందుచే కిస్లేవు మాసము 25వ దినము మొదలుకొని ఎనిమిది రాత్రులు దీపములు పెట్టుదురు. కృష్ణపక్షపు తుది రాత్రులలో మొదలిడి, అమావాస్య దాటినపిదప ఈ పండుగ ముగియును. మొదటిరాత్రి ఒకటి, మరునాడు రెండు, ఇట్లు ఎనిమిదవరాత్రి ఎనిమిది. వెరసి 36 దీపములు. వీని వెలుతురున చదువుటగాని కుట్టుపనిగాని కూడదు. కావున ప్రక్కనే సేవకదీపమని వేరొకటి యుంతురు. దీపములు వెలుగునంతసేపు స్త్రీలు పని మాని విశ్రమించుట ఆచారము. నూనె మహిమను తలచుకొనుచు బంగాళాదుంప అట్లు మొదలగు వేపుడు వంటకములు చేసికొందురు.

ఈ విధికి మూలము ఇల్లు. ఇంటికొక దీపము చాలునని మొదటి నియమము. రాత్రికొకటి హెచ్చించుట తరువాత స్థిరపడిన శ్రేష్ఠపద్ధతి. మరి ఇల్లు విడిచినవాని మాట యేమి? తాల్ముదునందు రబ్బీ జేరా యను పండితుడు తన యనుభవమునే చెప్పెను. విద్యార్థిగా గురువునొద్ద నున్నపుడు, బస యిచ్చిన గృహస్థునకు కొన్ని నాణెములిచ్చి అతని దీపములో పాలు పొందెడివాడట. వివాహమైన పిదప ఆ యవసరము తీరెనట. ఏలయన, తన యింట తనకొరకు దీపము వెలుగుచున్నది. అనగా, ఇల్లాలు వెలిగించిన దీపము ఎంత దూరముననున్న భర్తకైనను చెల్లును. ఆ మహిమలో స్త్రీలును పాలుగొనిరి గనుక దీపము వెలిగించు విధి వారికిని కలదని రబ్బీ యెహోషువా బెన్ లేవీ చెప్పిన మాట ఆ గ్రంథమునందే యున్నది.

మార్గమధ్యముననున్న బాటసారి సంగతియు పండితులు మరువలేదు. గలీషియా ప్రాంతపు ష్వాద్రోన్ పండితుడు (1835-1911) ధూమశకటమున రాత్రి ప్రయాణము చేయువాడు దీపము పెట్టవచ్చునని తీర్పు చెప్పెను. టిక్కెట్టు కొన్నవాడు ఆ రాత్రి తినుటకును నిద్రించుటకును ఇల్లు అద్దెకు తీసికొన్నవానితో సమానుడని ఆయన యుక్తి.

అయితే, తనకొరకు దీపము పెట్టు ఇల్లే లేకపోయినచో? 1939లో యుద్ధము రాగా, నాటి పోలండు దేశపు మీర్ పట్టణములోని యెషీవా లిథువేనియాకు తరలిపోయెను. 1940లో జపాను రాయబార ఉద్యోగి సుగిహారా వ్రాసియిచ్చిన అనుమతిపత్రములతో ఆ విద్యార్థులు సైబీరియా మీదుగా జపాను చేరి, 1941లో షాంఘై నగరమునకు పోయిరి. అచ్చట 1927లో కట్టబడిన బేత్ అహరోన్ ప్రార్థనాలయమున వారి పఠనము సాగెను. ఆ యేట డిసెంబరు 14వ తేదీ సాయంకాలము హనుక్కా మొదటి దీపము వెలిగించువేళ వచ్చెను. అప్పటికి అయిదు వారములక్రిందట, నవంబరు 9న, మీర్ పట్టణమున వేయిమందికి పైగా యూదులు జర్మనులచే చంపబడియుండిరి. పేరు మిగిలిన పాఠశాల సముద్రతీరమున. పేరిచ్చిన ఊరు చీకటిలో. రబ్బీ జేరాకు గల నిశ్చింత ఆ యువకులకు లేదు. నాణెమిచ్చి యొకని దీపములో పాలుపొందవలయును, లేదా తామే వెలిగింపవలయును.

1944లో యెరూషలేమున అదే పేరిట నెలకొనిన మీర్ యెషీవా నేడు లోకమునందలి మిక్కిలి పెద్ద యెషీవాలలో నొకటి. అందు పరదేశపు విద్యార్థులు వేలకొలది యున్నారు. న్యూయార్కునందు తల్లి మొదటి దీపము ముట్టించు సంధ్యవేళకు యెరూషలేమున అర్ధరాత్రి కావచ్చును. కుమారుని దీపము అంతకుముందే కొండెక్కియుండును. అయినను ఒకే రాత్రి రెండు దీపములును ఒకే యింటివి. బిడ్డను దూరమునకు పంపిన తల్లి ఇంట దీపము మానరాదని చెప్పుటకు ఇంతకన్న వేరు శాస్త్రము అక్కరలేదు.