నేపథ్య థ్రెడ్ నుండి ఈవెంట్ ప్రకటన: కాంపొనెంట్ నిర్మాణంలో బాధ్యత ఎవరిది?

ప్రస్తావన:

తాను చేపట్టిన పని ముగిసిందనో, కొంత పురోగమించిందనో ఒక సాఫ్ట్‌వేర్ కాంపొనెంట్ తనను వాడుకుంటున్న ప్రోగ్రాంకు తెలియజేసే సాధనమే ఈవెంట్. ఎక్కువ సమయం పట్టే పనిని ప్రధాన థ్రెడ్‌లో నడిపితే తెర స్తంభించిపోతుంది. అందువల్ల ఆ పనిని నేపథ్య థ్రెడ్‌కు అప్పగిస్తారు. అయితే ఆ థ్రెడ్ నుండి వెలువడిన ఈవెంట్‌కు స్పందించే హ్యాండ్లర్ ఏ థ్రెడ్‌లో నడుస్తుంది? విండోస్, డాట్‌నెట్ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

సమస్య స్వరూపం:

ఈవెంట్ అన్న పేరు స్వతంత్ర సందేశమనే భావన కలిగించినప్పటికీ, డాట్‌నెట్‌లో అది సాధారణ ఫంక్షన్ పిలుపు వంటిదే. ఈవెంట్‌ను వెలువరించిన థ్రెడ్‌లోనే హ్యాండ్లర్ నడుస్తుంది. విండోస్‌లో ప్రతి విండో తనను సృష్టించిన థ్రెడ్‌కు చెందుతుంది. కనుక నేపథ్య థ్రెడ్‌లో నడిచే హ్యాండ్లర్ తెరపైని లేబుల్‌ను మార్చబోతే నియమోల్లంఘన జరుగుతుంది. ఈ లోపం ప్రతిసారీ బయటపడదు. ప్రయోగశాలలో సజావుగా నడిచిన ప్రోగ్రాం వినియోగదారుని వద్ద విఫలం కావడానికి ఇదొక కారణం.

అంతకు ముందరి కామ్ విధానంలోనూ ఇదే నియమం ఉంది. సింగిల్ థ్రెడెడ్ అపార్ట్‌మెంట్‌కు చెందిన ఇంటర్‌ఫేస్ పాయింటర్‌ను మరొక థ్రెడ్ నేరుగా వాడరాదు. మార్షలింగ్ ద్వారానే పొందాలి.

పరిష్కార మార్గాలు:

మొదటి మార్గంలో భారం హ్యాండ్లర్ రాసేవారిది. విండోస్ ఫారమ్స్‌లో ఇన్వోక్ రిక్వైర్డ్ ద్వారా థ్రెడ్‌ను పరీక్షించి, బిగిన్ ఇన్వోక్ ద్వారా పనిని ప్రధాన థ్రెడ్‌కు పంపాలి. ప్రతి హ్యాండ్లర్‌లోనూ ఇది పునరావృతమవుతుంది. ఒక్కచోట మరచినా లోపమే.

రెండవ మార్గంలో భారం కాంపొనెంట్‌ది. పని ఆరంభంలోనే సింక్రొనైజేషన్ కాంటెక్స్ట్‌ను భద్రపరచి, ఈవెంట్‌ను దాని పోస్ట్ పద్ధతి ద్వారా వెలువరించాలి. 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్ వర్కర్ ఈ పద్ధతినే అనుసరిస్తుంది. తెర లేని కన్సోల్ ప్రోగ్రాంలో మాత్రం అటువంటి కాంటెక్స్ట్ సాధారణంగా ఉండదు. అప్పుడు హ్యాండ్లర్ థ్రెడ్ పూల్‌లోనే నడుస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు:

1. ప్రధాన థ్రెడ్ నేపథ్య థ్రెడ్ ముగింపు కోసం నిరీక్షిస్తుండగా, నేపథ్య థ్రెడ్ ఇన్వోక్ ద్వారా ప్రధాన థ్రెడ్ కోసం నిరీక్షిస్తే రెండూ ఆగిపోతాయి. ఇదే డెడ్‌లాక్. బదులు కోసం ఆగని పోస్ట్ పద్ధతి ఈ చిక్కును తప్పిస్తుంది.

2. లాక్ పట్టుకొని ఈవెంట్‌ను వెలువరించరాదు. హ్యాండ్లర్ ఏ లాక్‌ను కోరుతుందో కాంపొనెంట్‌కు తెలియదు.

3. హ్యాండ్లర్ ఉన్నదని పరీక్షించిన క్షణానికీ, దానిని పిలిచిన క్షణానికీ నడుమ మరొక థ్రెడ్ దానిని తొలగించవచ్చు. అందువల్ల ముందుగా స్థానిక చలరాశిలోకి ప్రతి తీసుకోవాలి. అయినా తొలగించిన తరువాత కూడా హ్యాండ్లర్‌కు ఒక పిలుపు అందవచ్చు. దానిని తట్టుకొనేలా హ్యాండ్లర్‌ను రాయాలి.

ముగింపు:

తెరతో ముడిపడిన ప్రోగ్రాంల కోసం రూపొందించే కాంపొనెంట్‌కు రెండవ మార్గమే మేలు. ఒకచోట సరిగా రాసినది వాడుకునే వారందరినీ కాపాడుతుంది. ఏ మార్గాన్ని ఎంచుకున్నా, ఈవెంట్ ఏ థ్రెడ్‌లో వెలువడుతుందో కాంపొనెంట్ వివరణ పత్రంలో స్పష్టంగా పేర్కొనాలి. తరగతి గదిలో ఈవెంట్‌ను బోధించేటప్పుడే ఈ ప్రశ్ననూ విద్యార్థుల ముందుంచడం అవసరం.